కొన్న ప్రిస్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ రెండు నెలలకే ఎందుకు మూలపడింది?

అడిగినది క్లుప్తంగా: "దిల్‌సుఖ్‌నగర్‌లో మాది 12 పడకల నర్సింగ్ హోమ్. నేను ఫిజీషియన్‌ని, మా ఆవిడ గైనకాలజిస్ట్, మాతోపాటు 66 ఏళ్ల సీనియర్ పిల్లల డాక్టరు ఒకరు ఉన్నారు. కిందే మా మెడికల్ షాపు. సాయంత్రం నా ఒక్కడి ఓపీయే 80 దాకా ఉంటుంది. రెండేళ్ల కిందట ప్రిస్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కొన్నాం, రెండు నెలలకే వదిలేశాం. ఇప్పుడు ఇంకో కంపెనీ వాళ్లు చుట్టూ తిరుగుతున్నారు. కంప్యూటర్ చీటీ చట్టప్రకారం చెల్లుతుందా? ఓపీ నెమ్మదించదా? సీనియర్ సార్‌ని ఎలా ఒప్పించాలి? ఈసారైనా డబ్బు దండగ కాకుండా ఏం చూసుకోవాలి?"

డాక్టర్ గారూ,

నేను మొదట ఫార్మసిస్టుని. కోఠిలో ఒక మెడికల్ షాపు కౌంటర్ వెనక ఆరేళ్లు నిలబడ్డాను. కోడి కెలికినట్టున్న రాతల్ని చదివి మందులిచ్చిన చేతులివి. ఆ తర్వాత పదమూడేళ్లుగా నగరంలోని క్లినిక్‌లలో, చిన్న ఆస్పత్రులలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టించి డాక్టర్లకు అలవాటు చేయడమే నా పని. ప్రస్తుతం ఏ కంపెనీ సరుకూ అమ్మడం లేదు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మీరు వదిలేసింది ఏ సాఫ్ట్‌వేరో రాయలేదు. తెలియకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే మూలపడిన ప్రతిచోటా నేను చూసింది దాదాపు ఒకే కథ. సోమవారం పొద్దున కంపెనీ కుర్రాడు వస్తాడు. గంటసేపు చూపిస్తాడు, అందరూ బాగుంది అంటారు. సాయంత్రం ఓపీ మొదలవుతుంది. పదో పేషెంట్‌కి బయట గొణుగుడు, ఇరవయ్యో పేషెంట్‌కి రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి "సార్, బయట గొడవైతుంది" అంటుంది. సార్ పెన్ను తీస్తారు. ఒకసారి బయటికొచ్చిన పెన్ను మళ్లీ జేబులోకి వెళ్లదు.

అంటే అది ఓడిపోయింది ఆ సాయంత్రం కాదు, అంతకు ముందు నెలలో. మొదటి రోజుకి ముందు చేయాల్సిన పని ఎవరూ చేయలేదు. ఆ పనేమిటో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

చట్టం సంగతి త్వరగా తేలిపోతుంది కాబట్టి ముందు అది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చీటీ ఎలా ఉండాలో చెబుతుంది. రాతపూర్వకంగా ఉండాలి, డాక్టర్ సంతకం, తేదీ ఉండాలి, పేషెంట్ పేరు, చిరునామా ఉండాలి, మందు మొత్తం ఎంత ఇవ్వాలో, మోతాదు ఎంతో ఉండాలి. చేత్తోనే రాయాలని ఎక్కడా లేదు. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డునూ, ఎలక్ట్రానిక్ సంతకాన్నీ కాగితంతో, సిరా సంతకంతో సమానంగా గుర్తిస్తుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో చూసే వైద్యం) మార్గదర్శకాలు సంతకం చేసిన చీటీ ఫొటో, స్కాన్, డిజిటల్ కాపీ లేదా ఈ-ప్రిస్క్రిప్షన్ పంపవచ్చని స్పష్టంగానే చెప్పాయి. (ఆ మార్గదర్శకాలు చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. అందులో 'ఆర్ఎంపీ' అంటే రిజిస్టరైన డాక్టరు. మన ఊళ్లలో ఆ మాటకున్న అర్థం వేరు. మా దగ్గర ఒక క్లర్కు ఇది చదివి చాలాసేపు ఆశ్చర్యపోయాడు.)

అయితే సంతకాన్ని ఫొటో తీసి చీటీ కింద అతికిస్తే అది డిజిటల్ సంతకం కాదు. చాలా సాఫ్ట్‌వేర్లు చేసేది అదే, అమ్మేవాళ్లు ఆ తేడా చెప్పరు. బొమ్మ సంతకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. కాబట్టి పేషెంట్ ఎదురుగా ఉంటే ప్రింట్ తీసి పెన్నుతో సంతకం పెట్టండి, గొడవే లేదు. ఫోన్ కన్సల్టేషన్‌కి మాత్రం డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ గానీ, ఆధార్ ఈ-సైన్ గానీ వాడండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ చీటీ మీద పడేలా చూసుకోండి. షెడ్యూల్ ఎక్స్ మందులకు (మత్తు, అలవాటు కలిగించే కొన్ని మందుల జాబితా అది) చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపు రెండేళ్లు దాచాలి. ఆ మందుల్ని టెలిమెడిసిన్‌లో రాయకూడదు.

ఇంకో చేదు నిజం. 65వ రూలు ప్రకారం చూస్తే మీరిప్పుడు చేత్తో రాసే చీటీల్లోనే చాలావాటికి లోటు ఉంటుంది. చిరునామా ఎవరు రాస్తున్నారు? మొత్తం ఎన్ని మాత్రలో ఎవరు రాస్తున్నారు? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 2019 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 13 పెద్ద ఆస్పత్రుల చీటీలు 4,838 పరిశీలిస్తే దాదాపు 45 శాతంలో ప్రామాణిక మార్గదర్శకాల నుంచి ఏదో ఒక తేడా కనబడింది. 475 చీటీల్లో అది ఒప్పుకోలేని స్థాయిలో ఉంది. అవి గల్లీ క్లినిక్‌లు కావు, పెద్ద బోధనాసుపత్రులే. 2025 ఆగస్టులో పంజాబ్–హర్యానా హైకోర్టు, చదవగలిగే చీటీ పొందడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద పేషెంట్ ప్రాథమిక హక్కు అంది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని నేరుగా కట్టిపడేయదు గానీ రేపో మాపో మన దాకా రాదని అనుకోవద్దు.

ఇక అసలు పేరు విషయం. మీకు అమ్మజూపుతున్నది నిజానికి ఈ-ప్రిస్క్రిప్షన్ కాదు, టైపు చేసిన చీటీ. అమెరికాలో డాక్టర్ బటన్ నొక్కితే పేషెంట్ చెప్పిన మందుల షాపు కంప్యూటర్‌లోకే చీటీ వెళ్లిపోతుంది. మధ్యలో ష్యూర్‌స్క్రిప్ట్స్ అనే నెట్‌వర్క్ ఉంది. స్వీడన్‌లో ఇలాంటి మొదటి చీటీ 1983లోనే వెళ్లింది. మన దగ్గర ఏ క్లినిక్ నుంచైనా ఏ షాపుకైనా అలా వెళ్లే ఉమ్మడి దారి రోజువారీ వాడకంలో లేదు. పేషెంట్ కాగితం పట్టుకుని సరూర్‌నగర్‌లోనో, చంపాపేటలోనో తన వీధి చివరి షాపుకే పోతాడు. అందుకే బయటివాళ్లకి ఇది వట్టి ప్రింటు. కానీ మీకు కిందే షాపు ఉంది. మీ నాలుగు గోడల మధ్య అసలు సిసలు ఈ-ప్రిస్క్రిప్షన్ మీరు నడపగలరు. రెండేళ్ల కిందట మీరు ఆ సంగతి వాడుకున్నట్టు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. డాక్టర్ గదిలో ఒక సాఫ్ట్‌వేర్, షాపులో ఇంకో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, మధ్యలో కాగితం పట్టుకుని మెట్లు దిగే పేషెంట్. అంతేకదా?

ఓపీ నెమ్మదించదా అంటే, నెమ్మదిస్తుంది. అబద్ధం చెప్పను. చేత్తో చీటీ రాయడానికి మీకు అర నిమిషం పట్టిందనుకుందాం. కొత్తలో కంప్యూటర్‌లో నిమిషంన్నర పడుతుంది. ఒక్కొక్కరి మీద నిమిషం అదనం, 80 మందికి 80 నిమిషాలు. తొమ్మిదింటికి అయిపోయే ఓపీ పది దాటాక కూడా నడుస్తూనే ఉంటుంది. ఏ డాక్టరైనా ఎన్ని రోజులు ఓర్చుకుంటారు?

ఈ అదనపు నిమిషం ఎక్కడ పోతుందో దగ్గర కూర్చుని చాలాసార్లు చూశాను. మందు పేరు వెతకడంలో కొంత, అది ఎన్ని ఎంజీలో ఎంచుకోవడంలో కొంత. ఎక్కువ మాత్రం పొద్దున–రాత్రి, తిన్నాక–తినకముందు, ఎన్ని రోజులు అనే మూడు డబ్బాలు నింపడంలో పోతుంది. ఐదు మందులంటే పదిహేను డబ్బాలు. మీరు గ్యాస్‌కి పాంటోప్రజోల్ రాస్తే నూటికి తొంభైసార్లు పొద్దున పరగడుపున ఒకటి అనే రాస్తారు. అది ప్రతిసారీ ఎందుకు నింపాలి?

కాబట్టి మొదటి రోజుకి నెల ముందే చేయాల్సిన పని ఇది. మీ షాపు బిల్లింగ్ కంప్యూటర్‌లో గత మూడు నెలల అమ్మకాలు ఉంటాయి. దాన్ని మందులవారీగా తీయించండి. నా అనుభవంలో ఒక ఫిజీషియన్ రాసే మందుల్లో నూట యాభైకి మించి తరచూ తిరిగిరావు. కంపెనీ వాళ్లిచ్చే లక్ష బ్రాండ్ల జాబితా మీకు అక్కర్లేదు, అది అడ్డం కూడా. ఆ నూట యాభైకీ మీ అలవాటు మోతాదు, వేళ, రోజులు రాసి మీ పేరు మీద ఫేవరెట్స్‌గా ఎక్కించండి. ఇది కంపెనీ కుర్రాడితో చేయించకండి. మీ షాపు ఫార్మసిస్టుని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేయాలి. రోజుకో అరగంట, రెండు వారాలు. ఆయనకి మీ రాతా తెలుసు, మీ మనసూ తెలుసు.

తర్వాత సెట్లు. పెద్దవాళ్ల వైరల్ జ్వరానికి ఒకటి, గ్యాస్ట్రిటిస్‌కి ఒకటి, షుగర్–బీపీ కొత్త కేసుకి ఒకటి. పదిహేను సెట్లు చాలు. సెట్ నొక్కితే నాలుగు మందులూ వరసగా పడతాయి, అక్కర్లేనిది తీసేస్తారు. ఇందులో యాంటీబయాటిక్‌ని మాత్రం ముందుగా పెట్టొద్దు. పెట్టి ఉంటే తీసేయడానికి బద్ధకిస్తాం. అది మనిషి స్వభావం.

ఇది ఒట్టి చాదస్తం కాదని చెప్పడానికి అమెరికా నుంచి ఒక జంట ఉదాహరణ ఉంది. పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిలో కంప్యూటర్ ఆర్డర్ల పద్ధతి (డాక్టర్లు మందులు వగైరా కంప్యూటర్‌లోనే రాయడం) పెట్టాక, వేరే ఆస్పత్రుల నుంచి తీవ్రస్థితిలో తరలించిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో ఆ డాక్టర్లే ప్రచురించారు. ఆస్పత్రి మొత్తాన్నీ ఆరు రోజుల్లో మార్చేశారు. అంతకు ముందు అంబులెన్స్ దారిలో ఉండగానే మందులు సిద్ధం చేసేవాళ్లు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి రిజిస్టరైతే తప్ప ఆర్డర్ పెట్టే వీల్లేకపోయింది. ఒక్కో ఆర్డర్‌కి సెకన్ల బదులు నిమిషాలు పట్టింది. అదే సాఫ్ట్‌వేర్‌ని సియాటిల్ పిల్లల ఆస్పత్రిలో పెట్టినప్పుడు మరణాలు పెరగలేదని 2006లో ఇంకో పరిశోధన వచ్చింది. వాళ్లు ఆర్డర్ సెట్లు ముందే తయారు చేసుకున్నారు. సరుకు ఒకటే, వంట వేరు.

మీ ఓపీలో ప్రాణం మీదికి రాకపోవచ్చు గానీ లక్షణం మాత్రం అదే. రిసెప్షన్‌లో పేరు ఎక్కితే గానీ మీ తెరమీద పేషెంట్ తెరుచుకోడు. అక్కడ అమ్మాయి ఒక్కతే ఉండి, ఫోనూ తనే ఎత్తి, డబ్బులూ తనే తీసుకుంటుంటే మీరు లోపల ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. రిజిస్ట్రేషన్‌కి ఆమె కాకుండా ఇంకో మనిషి కావాలి. సాఫ్ట్‌వేర్ ఖరీదులో ఈ జీతం ఎవరూ లెక్క వేయరు.

పెన్నుని కంప్యూటర్ ఓడించేది ఒక్క చోటే: పాత పేషెంట్. షుగర్, బీపీ, థైరాయిడ్ వాళ్లు మీ ఓపీలో సగమైనా ఉంటారు. "పాత చీటీ కొనసాగించు" అని ఒక్కటి నొక్కితే ఏడు మందులూ వచ్చేస్తాయి, ఒకటి మారుస్తారు, ప్రింటు. పది సెకన్లు. అందుకే మొదలుపెట్టడం వీళ్లతోనే పెట్టాలి, కొత్త జ్వరాలతో కాదు. కాకపోతే ఇక్కడ ఒక గొయ్యి ఉంది. పోయినసారి దగ్గుకి రాసిన ఐదు రోజుల యాంటీబయాటిక్ కూడా పాత చీటీలో ఉంటుంది. చూసుకోకపోతే అదీ వచ్చేస్తుంది. రోజూ వాడే మందుల్నీ, కొద్దిరోజుల మందుల్నీ విడివిడిగా గుర్తు పెట్టుకుని, రెండో రకాన్ని వాటంతట అవే వదిలేసే సాఫ్ట్‌వేర్ అయితేనే తీసుకోండి. డెమోలో ఇది అడిగి చేయించి చూడండి. చాలామంది అక్కడే తడబడతారు.

తప్పుల సంగతికి వద్దాం. కంప్యూటర్ వస్తే తప్పులు పోతాయని అమ్మేవాళ్లంటారు. రాత తప్పులు పోతాయి. వాటి బదులు వేలి తప్పులు వస్తాయి. నేను పెట్టించిన ఒక క్లినిక్‌లోనే జరిగింది చెప్తాను. బీపీ పేషెంట్‌కి మెటోప్రొలాల్ రాయబోయి డాక్టర్ మొదటి మూడక్షరాలు కొట్టారు. జాబితా కిందికి దిగింది. అందులో మెట్‌ఫార్మిన్, మెథోట్రెక్సేట్, మెటోప్రొలాల్, మెట్రోనిడజోల్ అన్నీ ఒకే కుటుంబంలా వరసగా నిలబడ్డాయి. వేలు రెండు గీతలు పైన పడింది. షుగర్ లేని మనిషికి మెట్‌ఫార్మిన్ ప్రింటయింది, అందంగా, చదవడానికి ఎంతో హాయిగా. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన "అమ్మా, నీకు షుగరుందా?" అని అడగబట్టి ఆగింది. చేతిరాత అయితే ఆయన అనుమానపడి తప్పకుండా అడిగేవాడు. ముత్యాల్లాంటి అచ్చును ఎవరూ అనుమానించరు, అదే దాని ప్రమాదం.

ఆ తర్వాత మేం చేసినవి మూడు. కనీసం ఐదక్షరాలు కొడితే గానీ జాబితా రాకుండా పెట్టాం. ప్రతి చీటీ మీదా జబ్బు పేరు తప్పనిసరి చేశాం, షాపువాడికి పోల్చుకోవడానికి ఆధారం ఉండాలి కదా. మెథోట్రెక్సేట్‌కి ప్రత్యేకంగా ఒక తాళం వేశాం. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని రోజూ అనే ఆప్షనే తీయించి, వారం పేరు ఎంచుకుంటే తప్ప ముందుకు పోకుండా చేశాం. చీటీ మీద "వారానికి ఒక్క రోజే, సోమవారం" అని పడుతుంది.

హెచ్చరికల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కంపెనీ వాళ్లు రెండు మందుల మధ్య ప్రతి చిన్న పొత్తుకుదరనితనానికీ ఎర్ర డబ్బా చూపించి గొప్పగా చెప్పుకుంటారు. మూడో రోజుకి డాక్టరు చదవకుండానే మూసేయడం నేర్చుకుంటారు. నిజంగా ప్రమాదమైనప్పుడు కూడా అదే వేలు అదే బటన్ మీదికి పోతుంది. ఎలర్జీ, గర్భం, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడటం, పిల్లల బరువుకి మించిన మోతాదు, కలిపితే ప్రాణాంతకమయ్యే ఓ పాతిక మందుల జతలు. ఇంతవరకే ఉంచి మిగతావి ఆపేయించండి. మీ మేడమ్ గారికి గర్భం హెచ్చరిక, మీ సీనియర్ సార్‌కి బరువు లెక్క, ఈ రెండూ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. బరువు నింపనిదే పిల్లల చీటీ తెరుచుకోకూడదు.

బ్రాండా (కంపెనీ పెట్టిన పేరు), జెనరిక్కా (మందు అసలు పేరు) అనే తగువు కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. డాక్టర్ల కోసం మెడికల్ కౌన్సిల్ పెట్టిన నియమావళికి 2016లో వచ్చిన సవరణ ప్రకారం మందుల్ని జెనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలి. మరోపక్క 65వ రూలులోనే ఇంకో మాట ఉంది. షెడ్యూల్ హెచ్ మందుకి (అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుకి) చీటీలో రాసిన సరుకు బదులు, అందులో అదే మందున్నా సరే, వేరే సరుకు షాపువాడు తనంతట తాను ఇవ్వకూడదు. అందుకే మీరు బ్రాండ్ ఒక్కటే రాస్తే, అది లేని షాపు నుంచి రాత్రి పదకొండింటికి మీకు ఫోనొస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో జెనరిక్ పేరు, కింద చిన్నగా మీరు మామూలుగా రాసే బ్రాండ్, రెండూ పడేలా పెట్టించండి. ఒకే ధ్వని ఉన్న బ్రాండ్లతో వచ్చే గందరగోళానికీ అదే మందు.

కింద షాపుతో కలపడం గురించి. కలిపితే చీటీ నేరుగా బిల్లు అవుతుంది, మళ్లీ టైపు చేసే పని ఉండదు. షెడ్యూల్ హెచ్1 మందులకి (కొన్ని యాంటీబయాటిక్‌ల వంటివాటికి పెట్టిన ఇంకా కఠినమైన జాబితా అది) 2014 మార్చి నుంచి షాపు విడిగా రిజిస్టర్ రాయాలి, మూడేళ్లు దాచాలి. డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని అన్నవన్నీ ఇక దానంతటవే నిండుతాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మీ ఫార్మసిస్టు మీకు దండం పెడతాడు. అయితే షాపులో సరుకు ఎంతుందో డాక్టర్ తెరమీద చూపించే సదుపాయం ఒకటి అమ్ముతారు. సరుకు లేనిది మాత్రమే బూడిదరంగులో చూపించమనండి, చాలు. ఎక్కువ నిల్వ ఉన్నదీ, ఎక్స్‌పైరీ దగ్గర పడుతున్నదీ జాబితాలో పైకి తెచ్చే రకం ఉంది. అది షాపుకి లాభం, చీటీకి మచ్చ. బయట కొనుక్కుంటానన్న వాళ్లకి ప్రింటు నవ్వుతూ ఇవ్వండి.

నా మనసుకి బాగా దగ్గరైన విషయం తెలుగు ప్రింటు. డాక్టర్లు దీన్ని పట్టించుకోరు, కానీ చీటీ చివరికి చదవాల్సింది చంపాపేట్ అత్తమ్మ. చాలా సాఫ్ట్‌వేర్లలో "తెలుగు ఉంది సార్" అంటారు. ప్రింటు తీస్తే ఒత్తులు విడిపోయి, పొల్లు కిందికి జారి, చదవడానికి పురాతన శాసనంలా ఉంటుంది. థర్మల్ ప్రింటర్లలో ఇంకా అన్యాయం. డెమోలో "రాత్రి పడుకునే ముందు, అన్నం తిన్న తర్వాత, అర మాత్ర" అనే వాక్యం ప్రింటు తీయించి చేతిలో పట్టుకుని చూడండి. త్ర, న్న, ర్వా సరిగ్గా పడితే మిగతాది కూడా పడుతుంది.

అనువాదం మరో తమాషా. యంత్రం చేసిన తెలుగులో పూత మందుకి "స్థానికంగా వర్తించండి" అని చూశాను. సిరప్ సీసాని "బాగా వణకండి" అని చూశాను. ఇంగ్లీషులో ఎస్‌ఓఎస్ అని రాసేదానికి "అవసరమైతే" అని వేస్తే పేషెంట్‌కి ఏ అవసరమో తెలియదు. "జ్వరం 100 దాటితేనే" అనో, "నొప్పి ఉంటేనే" అనో ఉండాలి. ఇలాంటి వాక్యాలు నలభైకి మించి అవసరం పడవు. మీ సిస్టర్లని కూర్చోబెట్టి వాళ్లు పేషెంట్లకి నోటితో ఎలా చెప్తారో అలాగే రాయించి, ఆ నలభై ఎక్కించండి. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు మీకు ఎక్కువుంటే ఉర్దూ కూడా. అది కుడి నుంచి ఎడమకి కాబట్టి మధ్యలో అంకెలు తారుమారు కాకుండా చూసుకోవాలి. చదువు రానివాళ్లకి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు ఏ భాషకన్నా బాగా పనిచేస్తాయి.

ఉచితంగా ఇస్తామనేవాళ్ల గురించి ఒక్క ఉదంతం. అమెరికాలో ప్రాక్టీస్ ఫ్యూజన్ అనే కంపెనీ డాక్టర్లకి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేది. ఒక ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందులు) కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని, డాక్టర్‌కి చీటీ రాసే సమయంలో వచ్చే సూచనల్ని ఆ మందుల అమ్మకం పెరిగేలా తయారు చేసిందన్న కేసులో 2020 జనవరిలో 14.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. నొప్పికి చికిత్స సూచన అనుకుని డాక్టర్లు చదివింది నిజానికి ప్రకటన. మీరు మెట్ అని కొట్టగానే ఏ బ్రాండ్ పైన వస్తోంది, ఎందుకొస్తోంది అని అడగండి. "ఎక్కువమంది రాసేది సార్" అనే జవాబు నాకు చాలదు.

మిగతావి గబగబా. ఒక్కో డాక్టర్‌కీ విడి లాగిన్ ఉండాలి. అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో, అదీ మానిటర్‌కి అంటించిన కాగితం మీద, నడిపే చోట్ల రేపు ఏ చీటీ ఎవరు రాశారో నిరూపించలేరు. చీటీల్ని షాపు వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు మానండి, 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక అది ఇంకా ఇబ్బంది. కరెంటు పోయినా, నెట్ పోయినా చీటీ ప్రింటు కావాలి. డెమోలో నెట్ వైరు పీకి చూపించమనండి. వదిలేసే రోజున మీ పేషెంట్ల రికార్డులన్నీ ఎక్సెల్‌లోనో, మామూలు ఫైల్‌లోనో ఇచ్చేస్తామని కాగితం మీద రాయించుకోండి. పాత కంపెనీ దగ్గర మీ రెండు నెలల డేటా ఇప్పుడెక్కడుందో తెలుసా? ఆభా నంబరుతో, అంటే ఆ 14 అంకెల ఆరోగ్య ఖాతాతో కలపగలిగే సాఫ్ట్‌వేర్ అయితే మంచిదే, రాబోయే కాలానికి పనికొస్తుంది. 2023లో కేంద్రం దీనికి ప్రోత్సాహక పథకం కూడా పెట్టింది. కానీ ఆ డబ్బు చూసి కొనకండి, మొదటి మూడు నెలల్లో ఆ పని అసలు నెత్తికెత్తుకోకండి.

అమెరికాలో డాక్టర్లు మారింది కూడా ఇష్టపడి కాదులెండి. 2008 చట్టంతో మెడికేర్ (అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా) డబ్బుల్లో ముందు బోనస్ ఇచ్చారు, 2012 నుంచి ఈ-ప్రిస్క్రిప్షన్ వాడనివాళ్లకి కోత మొదలుపెట్టారు, న్యూయార్క్ రాష్ట్రం 2016 మార్చి 27 నుంచి తప్పనిసరి చేసింది. మన దగ్గర బోనసూ అంతంతే, కోతా లేదు. కాబట్టి డాక్టర్‌కి తన గదిలో తనకే సుఖం కనిపించాలి, వేరే దారి లేదు.

అదే మీ సీనియర్ సార్ విషయంలోనూ. ఆయన్ని ఒప్పించొద్దు. మలక్‌పేటలో ఒక క్లినిక్‌లో ఇలాంటి పెద్దాయనే ఉండేవారు. యాజమాన్యం మీటింగ్ పెట్టి నచ్చజెప్పింది, ఆయన ఇంకా బిగుసుకున్నారు. "నలభై ఏళ్లు బిడ్డ కళ్లలోకి చూసి మందు రాశాను, ఇప్పుడు తెరలోకి చూడమంటారా" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మానిటర్‌ని డాక్టర్‌కీ పేషెంట్‌కీ మధ్య గోడలా పెట్టే క్లినిక్‌లు నాకూ నచ్చవు. పక్కకి పెట్టి, తల్లికి కూడా కనిపించేలా తిప్పాలి.

అక్కడ మేం చేసిందేమిటంటే, ఆయన గదిలో ఒక ఫార్మసీ చదివిన అమ్మాయిని కూర్చోబెట్టాం. ఆయన నోటితో చెప్తారు, ఆమె ఎక్కిస్తుంది, ఆయన ప్రింటు చదివి సంతకం పెడతారు. చదవకుండా సంతకం పెట్టకూడదన్నది ఒక్కటే షరతు. రెండు నెలలు అలా నడిచింది. ఒకరోజు ఆ అమ్మాయి రాలేదు. ఓపీలో ఫిట్స్ ఉన్న పిల్లాడు వచ్చాడు, తల్లి పాత చీటీలు తేలేదు, మందు పేరు తెలీదు, తెల్ల మందు అంటుంది. ఆయనే కంప్యూటర్ ముందుకి జరిగి, ఒక్క వేలితో పిల్లాడి పేరు కొట్టి, పోయిన నెల మోతాదు తీసుకున్నారు. ఆ తర్వాత అమ్మాయి వచ్చినా మౌస్ మాత్రం ఆయన దగ్గరే ఉండేది. టైపు చేయడం ఇప్పటికీ ఆమె పనే, ఫర్వాలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, జూలై నుంచి అక్టోబర్ దాకా వద్దు. డెంగీ, వైరల్ జ్వరాలతో మీ ఓపీ పొంగిపోతుంటుంది. ఫిబ్రవరి మంచి నెల. మొదటి వారం రోజుకి పది మంది షుగర్ పేషెంట్లు, అదీ పొద్దున ఓపీలో మాత్రమే. మిగతావాళ్లకి పెన్నే, సిగ్గుపడక్కర్లేదు. రెండో వారం పాత పేషెంట్లందరూ. నాలుగో వారం గానీ కొత్త పేషెంట్ల జోలికి పోవద్దు. మొదటి నెల మొత్తం కంపెనీ మనిషి సాయంత్రం ఓపీ టైములో మీ క్లినిక్‌లోనే ఉండాలని ఒప్పందంలో రాయించుకోండి. పొద్దున పదకొండింటికి వచ్చి టీ తాగి పోయే సపోర్ట్ మీకు అక్కర్లేదు. సగం డబ్బు మూడు నెలల తర్వాత, అప్పటికి సగం చీటీలైనా కంప్యూటర్‌లో పడుతుంటేనే ఇస్తానని చెప్పండి. ఒప్పుకోనివాళ్లని అక్కడే వదిలేయండి.

మీ షాపులో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో, పాత ప్రిస్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ పేరేమిటో రాస్తే ఆ రెండూ కలుస్తాయో లేదో చెప్పగలను. కలిసేవైతే కొత్తది కొనే పనే ఉండకపోవచ్చు.